ఆదివారం పీకితే మంగళవారం నవ

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. అనంతపురంలో ఒక ఐరన్, హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాను. వయసు 43. ఏడాదికి పైగా ఒంటి మీద దురదతో (మా వైపు నవ అంటాం) పడ్డ పాట్లు, చివరికి దాని కారణం ఎలా దొరికిందో ఇక్కడ రాస్తున్నా. మీకున్నదీ ఇదేనని కాదు. వెతికే దారిలో నేను ఎక్కడెక్కడ తప్పటడుగు వేశానో తెలిస్తే ఎవరికైనా కొన్ని నెలలు, కొన్ని వేలు మిగులుతాయేమో అని.

2022 ఆగస్టులో మొదలైంది. ముందు కంటి రెప్పల మీద. పొద్దున అద్దంలో చూసుకుంటే పై రెప్పలు ఎర్రగా ఉబ్బి, రాత్రంతా ఏడ్చినవాడి మొహంలా ఉంది. షాపులో సిమెంటు దుమ్ము పడి ఉంటుందిలే అనుకున్నా. ఒకటి రెండు రోజుల్లో మెడ చుట్టూ, చెవుల వెనక, మోచేతి మడతల్లో సన్నటి గుల్లలు లేచాయి. గోకితే హాయి, ఆపితే మంట. ఆ హాయి పడినవాళ్ళకే తెలుసు, ఎదురుగా కస్టమర్ నిలబడి ఉన్నా చెయ్యి ఆగదు. గోకగా గోకగా రసి కారి, చెక్కు కట్టి, మోచేతి మడతలో చర్మం పాత చెప్పు తోలులా తయారైంది. వారం పది రోజులకు తగ్గేది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ రెప్పల దగ్గర నుంచి మొదలు.

అందరిలాగే మొదట మెడికల్ షాపుకే వెళ్ళాను. కౌంటర్ మీది కుర్రాడు మెడ చూశాడో లేదో ఒక ట్యూబు ఇచ్చాడు. రెండో రోజుకల్లా మాయం! దేవుడిలా కనిపించాడు ఆ కుర్రాడు. అందులో ఫంగస్ మందు, బాక్టీరియా మందు, వాటితో పాటు గట్టి స్టెరాయిడ్ మూడూ కలిపి ఉంటాయని, ఆ మాయంతా స్టెరాయిడ్‌దేనని అప్పుడు తెలీదు. మూడు నెలల్లో ఎనిమిది ట్యూబులు అయిపోయాయి. రాసినన్నాళ్ళు బాగుండేది, ఆపితే రెట్టింపు. బుగ్గల మీద చర్మం పల్చబడి సన్నటి ఎర్ర దారాల్లా రక్తనాళాలు కనపడసాగాయి. స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టిందట. నిజం చెప్పాలంటే ఆ సంగతి తెలిసినా అడిగి కొనుక్కునేవాణ్ణే, పనిచేస్తోంది కదా!

ఆ అక్టోబరులోనే మా ఊరికి వరద వచ్చింది, గుర్తుందా, నడిమి వంక పొంగి కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి. మేముండేది ఊరి చివర కొత్త వెంచర్, మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు కానీ వానలకు చుట్టూ పచ్చగా కమ్ముకుంది. నా ఒళ్ళు ఆ రెండు నెలలు నరకం. ఆ రెండింటినీ కలిపి చూడాలని నాకు తట్టనే లేదు.

అమ్మకు మాత్రం వెంటనే తట్టింది. "కొత్తింటి పునాది తీసేటప్పుడు పుట్ట ఏదైనా కదిలించినారేమో కనుక్కో నాయనా" అంది. ఫిబ్రవరిలో గృహప్రవేశం, ఆగస్టులో గుల్లలు, ఇంకేం కావాలి? నాగదోషం అని ఇంట్లో తేలిపోయింది. మంగళవారాలు పుట్టకు పాలు పోసివచ్చాను. వేపాకు కాచిన నీళ్ళు, పసుపు, కొబ్బరి నూనెలో కర్పూరం, అన్నీ అయ్యాయి. కర్పూరం నూనె చల్లగా ఉండి కాసేపు నిద్ర పట్టేది, అంతవరకు అబద్ధం చెప్పకూడదు. ఇంకో మాట చెప్పాలి. ఇల్లు కట్టాకే వచ్చిందని అమ్మ పట్టిన లెక్క కరెక్టే, మేమెవ్వరం దాన్ని సరిగ్గా చదవలేదు అంతే.

నవంబరులో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రాత్రిపూట ఎక్కువ నవ అన్నానని గజ్జి అన్నారు. మెడ నుంచి అరికాళ్ళ దాకా రాత్రి రాసుకుని పొద్దున కడుక్కునే క్రీము, ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోవాలి, దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతకాలి. చేశాం. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ, అందరూ జిడ్డు ఓడుకుంటూ పడుకున్న ఆ రాత్రి తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ గజ్జి అయితే మూడు నెలలుగా ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఉన్నవాళ్ళలో ఇంకొకరికైనా అంటాలి కదా. ఒక్కరికీ నవ లేదు. ఆ ప్రశ్న నేనూ అడగలేదు, ఆయనా అడగలేదు.

తర్వాత ఎండాకాలంలో అసలు పెద్ద తప్పు చేశాను, తిండి మీద పడ్డాను. మనకు ఒంటి మీద ఏం లేచినా ముందు వంకాయ మీదే కేసు పెడతాం. తర్వాత గుడ్డు, ఎండు చేపలు, గోంగూర. ఒక ల్యాబులో అలర్జీ ప్యాకేజీ అని రక్తం తీసుకుని ఆరున్నర వేలు వసూలు చేసి నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చారు. అందులో వంకాయ పక్కన ఒక ప్లస్, గుడ్డు పక్కన ఒక ప్లస్, బుడ్డల (వేరుశనగల) పక్కన రెండు ప్లస్‌లు. బుడ్డలు! అనంతపురం జిల్లాలో బుడ్డలు మానేయడమంటే ఏంటో బయటివాళ్ళకు అర్థం కాదు. ఉగ్గానిలో పప్పుల పొడి తప్ప మిగతా ప్రతి దాంట్లో అవే ఉంటాయి. పొద్దున దోసెలోకి బుడ్డల చట్నీ, సంగట్లోకి ఊరిబిండి, సాయంత్రం బొరుగుల్లో బుడ్డలు. నాలుగు నెలలు ముట్టలేదు. ఆరు కిలోలు తగ్గాను. షాపులో అందరూ షుగరొచ్చిందా అని అడగడం మొదలుపెట్టారు. నవ మాత్రం ఒక్క గ్రాము తగ్గలేదు.

మధ్యలో బోరు నీళ్ళనూ అనుమానించాను. మా జిల్లా నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే కదా, దానివల్లేనేమో అని స్నానానికి కూడా నీళ్ళ క్యాన్లు తెప్పించిన పిచ్చి రోజులున్నాయి. మా ఆవిడ ఏమీ అనలేదు, క్యాన్ల లెక్క మాత్రం ఫ్రిజ్ మీద రాసిపెట్టేది.

2023 సెప్టెంబరులో అమ్మ మోకాలి ఆపరేషన్‌కు చెన్నై వెళ్ళాం. పన్నెండు రోజులు ఆసుపత్రి గది, కింద క్యాంటీన్, అంతే నా ప్రపంచం. ఐదో రోజుకో ఆరో రోజుకో గమనించాను, నేను గోక్కోవడం లేదు. మెడ నున్నగా ఉంది. క్యాంటీన్‌లో సాంబారు అన్నం తింటుండగా చెంచాకు మెత్తటి ముక్క తగిలింది, తీసి చూస్తే వంకాయ. అది రోజూ వేస్తున్నాడు, రోజూ తింటున్నాను! ఇడ్లీలోకి ఇచ్చే చట్నీలోనూ వేరుశనగ ఉంది. నాలుగు నెలల పథ్యం, ఆరు కిలోలు, ఆరున్నర వేలు అన్నీ ఆ ప్లేటులో కనిపించాయి. ఇంటికి తిరిగొచ్చింది శనివారం. మంగళవారం తెల్లారేసరికి రెప్పలు ఉబ్బాయి.

అంటే తిండి కాదు, ఇల్లే. అంతవరకు తెలిసింది.

ఈసారి తెలిసినవాళ్ళు చెబితే ఒక చర్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్న క్లినిక్, బయట వరండాలో నాలుగు కుర్చీలు. లోపలికి వెళ్ళగానే ఫైలు చాచాను. ఆమె ఫైలు పక్కన పెట్టి టార్చి తీసుకున్నారు. రెప్పలు మూయమన్నారు. గడ్డం పైకెత్తమన్నారు, చెవులు ముందుకు మడిచి వెనక చూశారు, మోచేతులు, మోకాళ్ళ వెనక మడతలు చూశారు. చొక్కా విప్పించి వీపు చూశారు, వీపు శుభ్రంగా ఉంది. చూసేటప్పుడు చెప్పింది నాకు బాగా నచ్చింది. ఎండ వల్ల వచ్చేదైతే ఎండ తగిలే చోటే వస్తుంది, మూసిన రెప్ప మడత, గడ్డం కింద, చెవి వెనక నీడ ఉంటుంది కాబట్టి సాధారణంగా వదిలేస్తుంది. గాలిలో ఎగిరొచ్చి పడేదానికి నీడా ఎండా లేదు, మడతల్లో చేరి కూర్చుంటుంది. "మీది మడతల్లోనే ఉంది" అన్నారు.

రక్త పరీక్ష సంగతి అడిగితే, అది చూసేది తిన్న కాసేపటికే దద్దుర్లు లేచే రకాన్ని అన్నారు. నాది ఆ రకం కాదు, తగిలిన ఒకటి రెండు రోజులకు మెల్లగా లేచేది, దాన్ని ఆ పరీక్ష పట్టుకోదు. పైగా రక్తంలో ప్లస్ వచ్చినంత మాత్రాన ఆ వస్తువు పడదని కాదట, తింటే ఏమన్నా అవుతోందా అన్నదే ముఖ్యం. "బుడ్డలు తినండి, మనిషి ఎండిపోయారు" అన్నారు. ఆ ఒక్క మాటకే ఫీజు ఇచ్చేయవచ్చు.

తర్వాత ఒక పని చెప్పారు. మూడు వారాలు పుస్తకం రాయాలి. ఏం తిన్నారో వద్దు, ఎక్కడికెళ్ళారు, ఏం ముట్టుకున్నారు, నవ ఎప్పుడు మొదలైంది, ఇవి చాలు. లెక్కలు రాసేవాడికి ఇంతకంటే మంచి మందు ఏముంటుంది! షాపు చిట్టా లాగే గీతలు కొట్టి రాశాను. ఇప్పటికీ దాచుకున్నా, ఒక వారం ఇలా ఉంది:

"ఆదివారం. పొద్దున పక్క ప్లాటులో గడ్డి పీకినాను, రెండు గంటలు. కుప్ప వేసి కాల్చినాను. సోమవారం. షాపు. సిమెంటు లోడు దిగింది. ఏమీ లేదు. మంగళవారం. నాలుగున్నరకు మెలకువ, రెప్పలు, మెడ. బుధవారం. చేతులు, రసి."

మూడు వారాల్లో రెండు ఆదివారాలు పీకాను, రెండుసార్లూ మంగళవారమే లేచింది. పీకని ఆదివారం తర్వాత మంగళవారం మామూలుగానే గడిచింది. అప్పటిదాకా నేను చేసిందేంటంటే, మంగళవారం నవ లేస్తే సోమవారం రాత్రి ఏం తిన్నానో గుర్తు తెచ్చుకుని దాన్ని మానేయడం. ఆదివారం దాకా వెనక్కి ఎప్పుడూ వెళ్ళలేదు. సోమవారం నన్ను ఏడాది మోసం చేసింది.

పుస్తకం తీసుకెళ్తే డాక్టరమ్మ ఆ ఆదివారాల మీద వేలు పెట్టి, "ఇంటి చుట్టూ ఏముంది?" అన్నారు.

"ఏమీ లేదు మేడమ్, ఖాళీ ప్లాట్లు."

"ఖాళీగానే ఉన్నాయా?"

నేను నోరు మూసుకున్నా. ఖాళీ ఎక్కడిది, నడుం ఎత్తు మొక్కలు! కొత్తిమీర ఆకులా, క్యారెట్ ఆకులా చీలిన ఆకు, పైన నూకలు చల్లినట్టు తెల్లటి చిన్న పూలు. పేరు తెలియనిదేం కాదు, వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. చిన్నప్పుడు చేలో మా నాయన చూపించి, గొడ్లు దీన్ని ముట్టవు, కడుపాగక తింటే పాలు చేదెక్కుతాయి అనేవాడు. 1950ల్లో పుణె వైపు బయటపడి దేశమంతా పాకిందని, అమెరికా నుంచి తెచ్చిన గోధుమల్లో విత్తనాలు కలిసి వచ్చాయని అంటారు. ఒక్కో మొక్క పది వేలకు పైగా విత్తనాలు రాలుస్తుంది. గొడ్డు ముట్టనిదాన్ని నేను కొత్తిల్లు నీటుగా కనపడాలని, పాములు రాకూడదని, తొడుగుల్లేకుండా ఒట్టి చేతులతో, బనియన్ మీద, చెమట కారుతుండగా గుండెలకు ఆనించుకుని మోశాను. అది చాలదన్నట్టు కాల్చి ఆ పొగలో నిలబడ్డాను. మా ఆవిడ బట్టలు ఆరేసేది ఆ ప్లాటు వైపు గోడ పక్క తీగ మీద. గాలికి ఎండిన ఆకు పొడి, పుప్పొడి అంతా నా చొక్కాల మీదే పడేది.

అప్పటికీ ఒక అనుమానం మిగిలింది. షాపులో సిమెంటు కూడా ఉంది కదా. సిమెంటులో ఉండే క్రోమియం కూడా తాపీ మేస్త్రీల చేతులకు ఇలాంటిదే తెస్తుందట. అందుకని ప్యాచ్ టెస్టు చేయించుకోమన్నారు. మా అక్కవాళ్ళు బెంగళూరులో ఉంటారు కాబట్టి, 2024 జనవరిలో అక్కడొక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చేయించుకున్నా. వీపు మీద బొట్టుబిళ్ళంత అల్యూమినియం గిన్నెలు వరసగా, ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం, 20 దాకా ఉంటాయి, టేపుతో అంటించి పక్కన పెన్నుతో నంబర్లు వేశారు. సోమవారం అంటించారు, బుధవారం తీశారు, శుక్రవారం మళ్ళీ చూశారు. ఈలోపు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, బరువులెత్తకూడదు. చలికాలం వెళ్ళడం మంచిదైంది, ఇదే అనంతపురంలో ఏప్రిల్‌లో అయితే టేపు చెమటకు జారి కాళ్ళ దగ్గరుండేది. వెళ్ళేముందు స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి, అవి ఉంటే రావలసిన గుర్తు కూడా రాదు.

మంగళవారం రాత్రే (మళ్ళీ మంగళవారమే!) ఎడమ భుజం కింద ఒక్క చోట నవ మొదలైంది. చెయ్యి అందదు, అందినా గోకకూడదు. మా బావ భోజనాల దగ్గర, "ఏం బావమరిదీ, ఏ నంబరు మీద పందెం?" అని ఆటపట్టించాడు. బుధవారం టేపు తీశాక నర్సమ్మ ఫోనులో ఫోటో తీసి చూపించింది. మిగతా గడులన్నీ మామూలు చర్మం. ఒక్క గడి మాత్రం ఎర్రగా ఉబ్బి, సన్నటి నీటి పొక్కులతో రూపాయి బిళ్ళంత లేచి ఉంది. అది వయ్యారిభామ. శుక్రవారానికి ఇంకా పెద్దదైంది. క్రోమియం గడి శుభ్రంగా ఉంది, సిమెంటుకు క్షమాపణ. నికెల్ గడిలో కాస్త ఎరుపు వచ్చింది. బొడ్డు కింద బెల్టు బకిల్ తగిలే చోట ఎన్నేళ్ళుగానో ఉన్న నల్లటి మచ్చ దానిదట, అది వేరే కథ. బకిల్ మార్చాను, పోయింది.

మందుల సంగతి క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే ఒకరి మందు ఇంకొకరు వాడకూడదని నేనే నేర్చుకున్నా. మొదట కొన్ని వారాలు మాత్రలు, మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఒంటికి ఒక క్రీము, ముఖానికి మాత్రం స్టెరాయిడ్ లేని టాక్రోలిమస్ ఆయింట్‌మెంటు, మొదటి వారం అది మంట పెడుతుంది, ఓర్చుకోవాలి. స్నానం కాగానే తడి ఆరకముందే మాయిశ్చరైజర్. దీనికీ లొంగకపోతే అజాథయోప్రిన్ అనే మాత్ర ఉందని, దానికి రక్త పరీక్షలు చేయించుకుంటూ ఉండాలని చెప్పారు, నాకు అంతవరకు రాలేదు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని కూడా మొదటి రోజే చెప్పేశారు. ఒంటికి ఆ మొక్క గుర్తుండిపోయిందట, ఎప్పుడు తగిలినా లేస్తుంది.

చెప్పడం మరిచాను, చామంతి. వయ్యారిభామ, చామంతి, బంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఒకే కుటుంబమట. ఒకటి పడనివాళ్ళలో కొందరికి మిగతావీ పడవు. డాక్టరమ్మ ఈ మాట అనగానే నాకు 2022 దసరా గుర్తొచ్చింది. ఆయుధపూజ రోజు కాటాకు, షట్టర్‌కు, ట్రాలీ ఆటోకు చామంతి దండలు కట్టింది నేనే, ఒళ్ళో బుట్ట పెట్టుకుని. రెండు రోజులకు చేతులు పేలిపోయాయి, దాన్ని గుమ్మడికాయ దిష్టి ఖాతాలో రాశాం. ఇప్పుడు షాపులో దండలు హమాలీలు కడతారు. ఇంట్లో దేవుడికి మల్లెలు, కనకాంబరాలు. మా ఆవిడకు చామంతి అంటే ప్రాణం, తలలో పెట్టుకోవడం మానేసింది, అందుకు ఆమె ఒక్కసారి కూడా సణగలేదు గానీ కార్తీకంలో పూల అంగడి ముందు నడక నెమ్మదిస్తుంది, చూస్తుంటాను.

మార్చినవి ఇంకో రెండు మూడు ఉన్నాయి. బట్టలు లోపల హాల్లో స్టాండు మీద ఆరుతున్నాయి, హాలు ఎప్పుడూ చాకిరేవులా ఉంటుంది, ఏం చేస్తాం. బండి మీద పోయేటప్పుడు ఫుల్ చేతుల చొక్కా, మూసిన హెల్మెట్. ఇంటికి రాగానే ముఖం, మెడ కడుక్కుని చొక్కా మార్చడం. ఇవి చేసినన్నాళ్ళు నెలల తరబడి ఏమీ ఉండదు. బద్ధకించిన వారం రెప్పలు గుర్తు చేస్తాయి.

అసలు తలనొప్పి ఆ ప్లాటు. దాని ఓనరు బెంగళూరులో ఉంటాడు, రేటు పెరిగేదాకా అమ్మడు, కట్టడు, శుభ్రం చేయించడు. ఫోన్ చేస్తే "గడ్డే కదన్నా, ఎండాకాలం వస్తే అదే పోతుంది" అన్నాడు. ఎండిపోయినా ఆ పొడి గాలిలో ఎగురుతుంది, ఎండిన ముక్క కూడా చాలు నాకు. అతనికి చెప్పి లాభం లేక ఖర్చు నేనే పెట్టుకుంటున్నా. పూత రాకముందే, మొక్క అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడే పీకించాలి. పక్కన రాళ్ళున్న చోట పది లీటర్ల నీళ్ళకు రెండు కిలోల ఉప్పు కలిపి కొట్టిస్తే మాడిపోతోంది, పంట పండే నేలలో ఇది వద్దు. వానాకాలంలో ఆకుల మీద తెల్లటి వీపుకు నల్ల చారలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తాయి, వాటిని చంపనివ్వను. ఈ మొక్కను తినడం కోసమే 1984 ప్రాంతంలో మెక్సికో నుంచి తెప్పించిన జాతి అది. తింటాయి పాపం, కానీ ఆ ప్లాటుకు ఆ పురుగులు ఏం సరిపోతాయి.

వాన కోసం కప్పలకు పెళ్ళి చేసే జిల్లాలో వానొస్తే గుబులు పడేది నేనొక్కణ్ణేనేమో. మొన్న రాత్రి రెండు గంటలు బాగా కురిసింది. పొద్దున గోడ మీంచి చూస్తే నేలకు అతుక్కుని గుండ్రంగా ఆకులు పరుచుకున్న పిల్ల మొక్కలు, లెక్కపెట్టలేనన్ని. ఎప్పుడూ పీకే మనిషికి ఫోన్ చేశాను, ఆదివారం వస్తానన్నాడు. అతనికి ఇప్పటిదాకా ఏమీ కాలేదు, ఐనా మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు మా షాపులోనే రెండు జతలు తీసి పక్కన పెట్టాను. పోయినసారి ఇస్తే చేతులకు ఉక్కపోస్తోందని తీసి గోడ మీద ఆరేసి పీకాడు. ఈసారి అవి వేసుకుంటేనే కూలి అని చెప్పాలి.